అడుగున తెగిన వాక్యం

"అంతా కాగితం మీదే ఉందమ్మా. నిదానంగా చదువుకో."

హైస్కూలు రెండో సంవత్సరం ఒకటో సెక్షన్‌లో చెయ్యెత్తిన అమ్మాయికి మినెగిషి చెప్పిన జవాబు అది. లెక్కల పరీక్ష ముప్పావు వంతు గడిచింది. ప్రశ్నలు తయారుచేసిన టీచరు పరీక్ష మధ్యలో సెక్షన్లన్నీ ఒకసారి చుట్టివచ్చి, అనుమానాలేమైనా ఉంటే తీర్చి వెళ్ళాలి. మినెగిషి ఆ పని మీదే వచ్చింది. బయట సముద్రపు గాలి కిటికీ అద్దాలను గడగడలాడిస్తోంది.

హొకారి అనే ఆ అమ్మాయి ఎత్తిన చెయ్యి దించలేదు. "చివరి ప్రశ్న టీచర్. తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో వేస్తారా, వెయ్యరా?"

"చెప్పాను కదా, అక్కడే రాసి ఉంది. ఆఖరి లైను చూడు."

మినెగిషి తన చేతిలోని ప్రశ్నపత్రాన్ని వేలితో తట్టి మరీ చూపించింది. నిన్న తన బల్ల దగ్గర తానే అచ్చు తీసుకున్న కాగితం. అందులో అన్నిటికన్నా అడుగున ఆ వాక్యం నిక్షేపంగా ఉంది: ‘తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి డబ్బాలో వేయవలెను.’ హొకారి మళ్ళీ తన కాగితం మీదికి వంగింది.

రెండో సెక్షన్‌లో ఇద్దరు మగపిల్లలు అదే ప్రశ్న అడిగారు. "ఇవాళ మీ అందరికీ ఏమైంది? కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చారా?" అంది మినెగిషి. పిల్లలు కిసుక్కున నవ్వారు. మూడో సెక్షన్ గుమ్మం దగ్గరే ఇంగ్లీషు టీచరు కుగిమియా ఎదురొచ్చింది. ఆ గదికి కాపలా ఆవిడే. మాట్లాడకుండా ఒక ప్రశ్నపత్రం మినెగిషి కళ్ళ ముందు పెట్టి, అడుగుభాగం మీద గోరుతో గీత గీసింది.

ఆ గీత కింద కాగితం తెల్లగా ఉంది. చీటీల వాక్యం లేదు.

మినెగిషి గదిలోకి దూసుకెళ్ళింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఆ వాక్యం గబగబా రాసింది. అక్కణ్ణించి నాలుగో సెక్షన్‌కి, మళ్ళీ వెనక్కి రెండో సెక్షన్‌కి పరుగు. కాలి చెప్పు ఒకటి నడవలో ఊడిపోతే దాన్ని అక్కడే వదిలేసింది. ఒకటో సెక్షన్‌కి వచ్చేసరికి పిల్లలు పెన్సిళ్ళు సర్దుకుంటున్నారు. ఆమె బోర్డు మీద రాయడం, గంట కొట్టడం దాదాపు ఒకేసారి అయ్యాయి.

హొకారి బోర్డు చూసింది. తర్వాత తన జవాబు పత్రం చూసుకుంది. చీటీ తిరిగి వేస్తే ఒక లెక్క, వెయ్యకపోతే ఒక లెక్క, రెండూ పూర్తిగా చేసి ఉన్నాయి. దానికి ముందున్న రెండు ప్రశ్నల చోటు ఖాళీగా ఉంది. కాగితాలు పోగుచేసుకునే టీచరు వచ్చి ఆ పత్రాన్ని ఆ అమ్మాయి చేతి కింద నుంచి లాక్కోవలసి వచ్చింది.

*

"రాయడం మర్చిపోయారా టీచర్?" అని అడిగారు తొగాషి మాస్టారు.

లెక్కల శాఖకు ఆయన పెద్ద. మినెగిషి ఏడాది ఒప్పందం మీద పనిచేసే టీచరు. బడి ఏడాది మొదలయ్యే వచ్చే ఏప్రిల్లో ఆమెను ఉంచాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు శాఖాధిపతిగా అభిప్రాయం రాసేది తొగాషి మాస్టారే. స్టాఫ్ రూములో స్టవ్వు మీద కెటిల్ మరుగుతోంది. ఆయన టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, తప్పిపోయిన గొడుగు గురించి అడిగినంత మామూలుగా అడిగారు.

"మర్చిపోలేదు మాస్టారూ. ఫైల్లో ఉంది. చూడండి."

మినెగిషి తన కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. ఆ బడిలో లెక్కల ప్రశ్నపత్రాలన్నీ టెక్ అనే అక్షరాల కూర్పు ప్రోగ్రాములోనే తయారవుతాయి. భిన్నాలు, వర్గమూలాలు వేరే దేంట్లోనూ అంత అందంగా కూర్చోవని తొగాషి మాస్టారే పట్టుబట్టి అందరికీ నేర్పించారు. ముందు మామూలు అక్షరాల్లో రాసుకోవాలి. దాన్ని కూర్పు చేస్తే డీవీఐ అనే ఫైలు వస్తుంది. ఆ ఫైలును నల్లటి తెర మీద ఒక కమాండు కొట్టి పీడీఎఫ్‌గా మారిస్తే అది ఏ యంత్రంలోనైనా ఒకేలా కనిపిస్తుంది, ఒకేలా అచ్చవుతుంది. కనీసం అలా అని మాస్టారు చెబుతారు.

"ఫైల్లో ఉంది. కూర్చిన డీవీఐలోనూ ఉంది. పీడీఎఫ్‌లో లేదు" అంది మినెగిషి.

"పీడీఎఫ్ దానంతటది వాక్యాలు మింగదు కదండీ."

"అదే నేనూ అడుగుతున్నాను మాస్టారూ. మార్చింది మీరు కదా."

ఆ మాట అనాల్సింది కాదని నోట్లోంచి వచ్చాక తెలిసింది. చుట్టుపక్కల బల్లల దగ్గర కాగితాల చప్పుడు ఆగింది. ఒప్పందం టీచర్లు అచ్చు ఫోల్డర్ తెరవకూడదని బడి నియమం. ప్రశ్నలు మినెగిషి రాసినా, ఆఖరి మార్పిడి చేసి ఆ ఫోల్డర్‌లో పెట్టేది మాస్టారే. అచ్చయిన కట్టలను కవర్లలో పెట్టి సీలు వేస్తారు. ఆమె చేతికి మళ్ళీ వచ్చేది జవాబులతోనే.

తొగాషి మాస్టారు కప్పు కింద పెట్టారు. "మీరు బడిలో చదువుకునే రోజుల నుంచీ నేను ఈ కమాండు కొడుతున్నాను. మౌస్ అనే ఎలుక తోక పట్టుకుని తెరంతా తిరిగే జనం కాదు మనం. నా మార్పిడిలో ఇంతవరకూ ఒక్క చుక్క పోలేదు."

వైస్ ప్రిన్సిపాల్ ఇసోబె గారు గొంతు సవరించుకున్నారు. గొడవ ముదరకముందే ముగించడంలో ఆయనకు మంచి పేరుంది. "ఎవరి వల్లనైతేనేం, జరిగిపోయింది. చివరి ప్రశ్నకి అందరికీ పూర్తి మార్కులు వేసేద్దాం. పిల్లలూ సంతోషిస్తారు. మినెగిషి టీచర్, రేపు ఒక్కో సెక్షన్‌కి వెళ్ళి, ఒక వాక్యం రాయడం మర్చిపోయాను, క్షమించండి అని చెప్పేయండి. సరిపోతుంది."

"కానీ నేను మర్చిపోలేదండీ."

"ప్రశ్నపత్రం మీద ఎవరి పేరుంటే వాళ్ళు చెప్పడం మర్యాద కదా" అన్నారు ఇసోబె గారు మెత్తగా. ఆయన ఎప్పుడూ మెత్తగానే అంటారు. గోడను గుద్దితే కనీసం చెయ్యి నొప్పెడుతుంది. ఈయన దగ్గర అదీ లేదు.

కాసేపటికి కుగిమియా తన బల్ల మీది నారింజ పండు ఒకటి మినెగిషి వైపు దొర్లించింది. "ఏమ్మా, తల వంచేస్తే పోయేదానికి ఎందుకింత పట్టుదల? ఒక్క నిమిషం పని. ఏప్రిల్లో నా పక్కన ఎవరు కూర్చుంటారో అని నేను బెంగ పెట్టుకోవాలా చెప్పు."

"చెయ్యని తప్పుకి ఎలా వంచనండీ?"

"నేనైతే వారానికి రెండుసార్లు వంచుతాను. మెడకి వ్యాయామం కూడాను."

మినెగిషికి నవ్వు రాలేదు. పండు ఒలిచింది గానీ తినలేకపోయింది.

*

మర్నాడు జవాబులు దిద్దడం పక్కన పెట్టి మినెగిషి నల్ల తెర ముందు కూర్చుంది. పరీక్షల రోజులు కాబట్టి పాఠాలు లేవు. క్షమాపణ కార్యక్రమాన్ని, ఇంకా దిద్దడం పూర్తి కాలేదన్న వంకతో ఒక రోజు వాయిదా వేయించుకుంది.

డీవీఐ ఫైలును తన కంప్యూటర్లో పీడీఎఫ్‌గా మార్చింది. వాక్యం ఉంది. మళ్ళీ మార్చింది. ఉంది. ఫాంటు లేక అక్షరాలు రాలిపోయాయేమోనని ఫాంట్ల వరస అంతా చూసింది. అన్నీ లోపలే ఉన్నాయి. చీటీ అన్న మాటకేమైనా తెగులు పట్టిందేమోనని దాన్ని తీసేసి మార్చింది, తిరిగి పెట్టి మార్చింది. కమాండు కొట్టిన ప్రతిసారీ నల్ల తెర మీద పేజీ నంబర్లు టకటకా పడి, అంతా బాగానే ఉందన్నట్టు ఆగిపోతున్నాయి. తప్పుంటే తప్పని చెప్పి చావొచ్చు కదా! ఆ నిశ్శబ్దానికే ఆమెకు ఒళ్ళు మండింది. ఎంటర్ కీని వేలు నొప్పెట్టేలా కొట్టింది. పక్క బల్ల నుంచి కుగిమియా "దానికీ ప్రాణం ఉంటుందమ్మా" అంది.

"కుగిమియా గారూ, ఒక సాయం చేస్తారా? అచ్చు ఫోల్డర్ తెరిచి మా పేపర్ ఒక్కసారి చూపించండి. నేను ముట్టుకోను."

కుగిమియా అటూ ఇటూ చూసి, తన కంప్యూటర్లో తెరిచింది. తొగాషి మాస్టారు మార్చిన పీడీఎఫ్. తెర మీద చూస్తే ఏ లోపమూ లేదు. చక్కటి పేజీ, చక్కటి భిన్నాలు. అడుగున మాత్రం ఆ వాక్యం లేదు. పేజీ సరిగ్గా అంతకుముందు వాక్యం పాదాల దగ్గర ముగిసింది.

"పేజీ వివరాలు చూపించండి. కొలత ఎంతుంది?"

"రెండు వందల యాభై, మూడు వందల యాభై మూడు. మిల్లీమీటర్లట."

మినెగిషి తన తెర మీది పేజీ కొలత చూసింది. రెండు వందల యాభై ఏడు, మూడు వందల అరవై నాలుగు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. బి4. ఈ దేశంలో ప్రతి బడిలోనూ పరీక్షలు అచ్చు వేసే కాగితం. ప్రపంచంలో మిగతావాళ్ళకీ బి4 ఉంది. వాళ్ళది మనదానికన్నా పొడవులో చిటికెన వేలి మందం తక్కువ. పేరు ఒకటే. మాస్టారు కమాండులో కాగితం పేరు బి4 అని కొట్టి ఉంటారు. ఆయన ఇన్నేళ్ళుగా వాడిన పాత ప్రోగ్రాముకు బి4 అంటే మన కాగితమే. వేసవి సెలవుల్లో బడి కంప్యూటర్లన్నీ మార్చారు. కొత్త ప్రోగ్రాముకు బి4 అంటే బయటివాళ్ళ కాగితం. మనది కావాలంటే మన దేశపు ప్రమాణానికి గుర్తుగా ముందు జిస్ అని చేర్చాలి. మినెగిషి తన కమాండును అలా ఎప్పుడో సరిచేసుకుంది. అక్టోబరు పరీక్షలో పేజీ అడుగున గీసిన గీత అచ్చులో రాకపోతే, సిరా తక్కువైందనుకుని అందరూ ఊరుకున్నారు. తెగిపోయే ఆ అంచులో వాక్యం ఉండడం ఇదే మొదటిసారి.

దొరికింది! ఎన్ని గంటల తర్వాతో తెలియదు గానీ, ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళింది. రెండు రకాలుగానూ మార్చి, రెండూ అచ్చు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి తొగాషి మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది.

మాస్టారు రెండు కాగితాలూ వెలుతురుకు ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు. మెడ మీద ఎరుపు మెల్లగా చెవుల దాకా పాకింది. ఆయనకు అర్థమైందని మినెగిషికి తెలిసిపోయింది.

"బి4 అంటే బి4 కదండీ" అన్నారు చివరికి.

"కొత్త ప్రోగ్రాములో కాదు మాస్టారూ. జిస్ అని చేర్చాలి."

"అలాగైతే అది ప్రోగ్రాము లోపం."

"కావచ్చు. నా మతిమరుపు మాత్రం కాదు కదా."

ఆయన కాగితాలను బల్ల మీద పెట్టి, అంచులు కలిపి, నాలుగు వైపులా తట్టి సర్దారు. రెండు కాగితాలూ ఒకే కొలత అయినట్టు సర్దారు. "అయినా టీచర్, పేజీ అంచుదాకా అంత ఇరికించి రాయడం మీకెందుకు? కింద కాస్త ఖాళీ వదిలి ఉంటే ఏ బి4 అయినా సరిపోయేది."

మినెగిషి కాగితాలు తీసుకుంది. కోపంగా తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. ఆ రెండు కాగితాలూ ఇసోబె గారికి చూపించాలి. రేపు పొద్దున్నే, అందరూ ఉన్నప్పుడు చూపించాలి. ఆ ఆలోచన తియ్యగా ఉంది. బల్ల సొరుగులో కాగితాలు పెట్టి తాళం వేసుకుంది.

*

స్టాఫ్ రూము గుమ్మం దగ్గర ఎవరో గొంతెత్తారు. "రెండో సంవత్సరం ఒకటో సెక్షన్, హొకారి. మినెగిషి టీచర్‌తో పనుండి వచ్చాను."

పరీక్షలైపోయేదాకా పిల్లలు లోపలికి రాకూడదు. మినెగిషి నడవలోకి వెళ్ళింది. హొకారి మఫ్లరు మెడకు చుట్టుకుని, ఇంటికి వెళ్ళే వాలకంలో ఉంది. పొట్టిగా, గట్టిగా ఉండే పిల్ల. క్లాసులో తనంతట తాను మాట్లాడిన గుర్తు లేదు.

"చివరి ప్రశ్నకి అందరికీ పూర్తి మార్కులు అంటున్నారు. నిజమా టీచర్?"

"అవును. నీకూ వస్తాయి. నువ్వు రెండు రకాలుగానూ చేశావు, చూశాను. చాలా బాగా చేశావు."

"చెయ్యనివాళ్ళకీ వస్తాయి కదా."

"వస్తాయి."

"మా ముందు బెంచీ వాడు ఆ ప్రశ్న చూడనే లేదు. మిగతావన్నీ తీరిగ్గా చేసుకున్నాడు. నేను దీని మీద కూర్చుని ముందరి రెండూ వదిలేశాను. అవి నాకు వచ్చు టీచర్. మూడో ఏడాదిలో పై స్థాయి లెక్కల సెక్షన్‌కి ఈ మార్కులే చూస్తారట. నాకు అది తప్పిపోతుంది."

హొకారి ఏడవడం లేదు. లెక్క చెబుతున్నట్టు చెబుతోంది. అదే మినెగిషికి ఎక్కువ కష్టంగా ఉంది.

"చూడమ్మా, తప్పు నీది కాదు. నిజానికి నాదీ కాదు. కాగితం కొలతలో తేడా వచ్చి ఆ లైను తెగిపోయింది. ఎవరు చేశారో, ఎలా జరిగిందో అంతా కనుక్కున్నాను. రేపు..."

"అది ఎవరు చేశారో నాకెందుకు టీచర్?" అంది హొకారి. గొంతు పెంచలేదు. "నేను అడిగాను కదా. మీరు చదువుకోమన్నారు. సరేనని మళ్ళీ చదివాను. ముందు పేజీ కూడా చదివాను. వెనక తిప్పి చూశాను. నాకే కనబడడం లేదేమో అనుకున్నాను."

హొకారి బ్యాగు భుజానికి సర్దుకుంది.

"ఒక్కసారి నా కాగితం చూసి ఉంటే సరిపోయేది" అని, వంగి దండం పెట్టి, హొకారి చెప్పుల అలమారా వైపు వెళ్ళిపోయింది.

రెండు రోజులుగా మినెగిషి ఆ వాక్యం ఎక్కడ పోయిందని వెతికింది. కమాండు తిరగేసింది, కాగితం కొలిచింది, మాస్టారి చెవులు ఎర్రబడడం చూసి లోలోపల సంబరపడింది. హొకారి ఎత్తిన చెయ్యి ఆ రెండు రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. తొగాషి మాస్టారు తన వేళ్ళను నమ్మారు. తను తన చేతిలోని కాగితాన్ని నమ్మింది. పిల్ల బల్ల మీది కాగితం మాత్రం ఇద్దరిలో ఎవరూ చూడలేదు. మినెగిషికి సిగ్గు వేసింది.

*

పొద్దున్నే ఇసోబె గారి బల్ల ముందుకు మినెగిషి వెళ్ళింది. రెండు కాగితాలూ చేతిలోనే ఉన్నాయి.

"మళ్ళీ పరీక్ష పెట్టాలండీ. అందరికీ, మొత్తం పేపర్. కొత్త ప్రశ్నలు నేను తయారుచేస్తాను."

"అందరికీ మార్కులు వేస్తున్నాం కదమ్మా. ఇంకెవరికి బాధ?"

"ఆ ప్రశ్న మీద టైము పోగొట్టుకున్నవాళ్ళకి. అందరికీ మార్కులిస్తే వాళ్ళకి ఇచ్చినట్టు కాదు, వాళ్ళ దగ్గర తీసుకున్నట్టు."

ఇసోబె గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చేతిలో ఏమిటవి?"

మినెగిషి చూపించింది. కొలత తేడా, కమాండు, కొత్త ప్రోగ్రాము, అన్నీ చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆ గదిలో అటు చివర తొగాషి మాస్టారు వీపు తిప్పి కూర్చున్నారు, కానీ కీబోర్డు చప్పుడు రావడం లేదు.

"మీరు చెప్పేది నిజమేనని ఒప్పుకుందాం" అన్నారు ఇసోబె గారు గొంతు తగ్గించి. "అప్పుడిది శాఖ చేసిన మార్పిడిలో జరిగిన తప్పు. అంటే బడి తప్పు. బడి తప్పయితే మనం పై కార్యాలయానికి రాయాలి. వాళ్ళు విచారించాలి, వాళ్ళు చెప్పాకే మళ్ళీ పరీక్ష. కొత్త సంవత్సరం వచ్చేస్తుంది. ఈలోగా మార్కులు ఖాయమైపోతాయి, సెక్షన్లూ తేలిపోతాయి. మీరన్న ఆ పిల్లలకి ఏం ఒరుగుతుంది?"

"మరి?"

"ప్రశ్నలు రాసిన టీచరు ఒక వాక్యం రాయడం మరిచిందంటే అది చిన్న విషయం. ప్రిన్సిపాల్ గారు తన సంతకంతో వచ్చే వారమే పరీక్ష పెట్టించగలరు. మీరు ఒక సంజాయిషీ రాసిస్తే చాలు." ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "నేను బలవంతం చేస్తున్నానని అనుకోకండి. రెండు దారులూ చెప్పాను."

ఇదేం న్యాయం! మినెగిషికి ఆ రెండు కాగితాలూ ఆయన మొహాన కొట్టాలనిపించింది. నిజం చెబితే పిల్లకి పరీక్ష లేదు. పరీక్ష కావాలంటే అబద్ధం రాయాలి. పైగా ఆ అబద్ధం ఏప్రిల్ దాకా తన పేరు పక్కనే కూర్చుంటుంది. కుగిమియా పండు దొర్లించినప్పుడే తల వంచి ఉంటే ఒక్క నిమిషంలో పోయేది; ఇప్పుడు రుజువు చేతిలో పెట్టుకుని వంచాలి.

"వచ్చే వారం అంటే సోమవారమేనా?"

"సోమవారమే."

"రాసిస్తాను."

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి సంజాయిషీ మొదలుపెట్టింది. చేత్తో రాయడానికి వేళ్ళు ఒప్పుకోక, దాన్ని కూడా టెక్‌లోనే కూర్చింది. ‘నా అజాగ్రత్త వలన ప్రశ్నపత్రంలో ఒక వాక్యము రాయుట మరచితిని.’ డీవీఐ వచ్చింది. కమాండు కొట్టింది. సంజాయిషీలు ఎ4 కాగితం మీద రాస్తారు. ఎ4 ప్రపంచమంతా ఒకటే కొలత. మొదటిసారికే అన్ని వాక్యాలూ, చుక్కతో సహా, తెగకుండా వచ్చాయి. కావాలన్నప్పుడు ఒక్కటి కూడా పోదు.

దాని మీద శాఖాధిపతిగా తొగాషి మాస్టారి పేరు ముద్ర కూడా పడాలి. ఆయన ఆ కాగితాన్ని చదివారు. మళ్ళీ చదివారు. ముద్ర డబ్బా మూత తీసి, ఎర్ర సిరాకు అద్ది, చెయ్యి గాల్లోనే ఆపారు.

"దీని మీద నేను..." అని మొదలుపెట్టి, ఆగిపోయారు. మినెగిషి ఎదురుచూసింది. నిజంగానే ఎదురుచూసింది. ఆ వాక్యం పూర్తయితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"...కింద ఖాళీ బాగా వదిలారు" అన్నారాయన, ముద్ర వేసేశారు.

*

శనివారం కొత్త ప్రశ్నపత్రం సిద్ధమైంది. నియమం నియమమే. ఆఖరి మార్పిడి మాస్టారే చెయ్యాలి. మినెగిషి ఈసారి వెళ్ళి ఆయన కుర్చీ వెనక నిలబడింది. నిలబడతానని అడగలేదు, ఆయనా వద్దనలేదు.

మాస్టారు రెండు చూపుడువేళ్ళతో, ఒక్కో అక్షరాన్నీ మేకు దిగ్గొట్టినట్టు కొడతారు. కమాండు పేరు కొట్టారు. ఖాళీ. గీత. కాగితం పేరు దగ్గరికొచ్చారు. వేళ్ళు వాటంతటవే బి4 అని కొట్టేశాయి. ఎంటర్ మీదికి వెళ్ళిన వేలు అక్కడే ఆగింది.

కెటిల్ మూత కదిలి చప్పుడైంది. మాస్టారు కొట్టిన రెండు అక్షరాలనూ చెరిపారు. జిస్ అని కొట్టారు. దాని తర్వాత మళ్ళీ బి4 కొట్టారు. ఎంటర్. పేజీ నంబర్లు టకటకా పడ్డాయి.

మినెగిషి ఆ నంబర్లనే చూస్తోంది. ఆయన వెనక్కి తిరగలేదు. తెరవైపే చూస్తూ, ఎంతో పెద్దమనసుతో అన్నారు:

"బాధపడకండి టీచర్. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

ఒక క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, అరవాలో నవ్వాలో తేలలేదు. ఆయన తప్పుకి ఆయనే ఆమెను క్షమిస్తున్నారు! పక్కన కుగిమియా దగ్గు వచ్చినట్టు నటిస్తూ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జిస్ అని ఎందుకు కలిపారు మాస్టారూ?" అంది మినెగిషి.

"ఏదో, ఇలా కొడితే శుభ్రంగా ఉంటుందనిపించింది."

"అవునండీ. శుభ్రంగానే ఉంటుంది."

ఆయన టీ కప్పు అందుకున్నారు. అది ఖాళీగా ఉంది. అయినా తాగారు.

*

సోమవారం పొద్దున్న ఒకటో సెక్షన్‌లోకి అడుగు పెట్టేసరికి గొణుగుడు వినిపించింది. ఊరికే వచ్చిన మార్కులు పోయాయని సగం క్లాసుకు మంటగా ఉంది. "మర్చిపోయేది వాళ్ళు, రాసేది మనం" అన్నాడు కిటికీ పక్క కుర్రాడు, వినబడాలనే. మినెగిషి విన్నట్టు చూసి, ఏమీ అనలేదు. హొకారి తల వంచుకుని పెన్సిల్ చెక్కుకుంటోంది.

మినెగిషి బోర్డు ముందు నిలబడింది. ఇసోబె గారు చెప్పమన్న మాటలు చెప్పింది. "పోయినసారి పేపర్లో ఒక వాక్యం రాయడం మర్చిపోయాను. మీకు మళ్ళీ శ్రమ కలిగించినందుకు క్షమించండి." మర్యాదకు ఎంత వంగాలో అంతే వంగి, లేచింది. మిగతా మూడు సెక్షన్లలోనూ ఇంతవరకే చెప్పి వచ్చింది.

గొణుగుడు మళ్ళీ మొదలవబోతోంది. ఆమె పక్కకు కదల్లేదు.

"ఇంకొకటి ఉంది. ఆ రోజు హొకారి నన్ను అడిగింది. తన కాగితం చూడకుండా, చదువుకోమని చెప్పి వెళ్ళిపోయాను. రెండో సెక్షన్‌లో అడిగినవాళ్ళని వెక్కిరించాను కూడా. వాళ్ళకి కూడా ఇప్పుడు వెళ్ళి చెబుతాను. కాగితంలో ఏం పోయినా, ఆ పని చేసింది నేనే. హొకారీ, తప్పు చేశాను."

ఈసారి వంగినప్పుడు ఎంతసేపు వంగిందో ఆమెకే తెలియలేదు. జుట్టు ముందుకు పడింది. చెక్కనేల గీతలు కళ్ళకు దగ్గరగా కనిపించాయి.

"టీచర్" అంది హొకారి.

మినెగిషి తలెత్తింది.

"టైము మొదలైపోయిందా?"

"లేదు. ఇంకా కాగితాలు ఇవ్వలేదు."

"అయితే ఫరవాలేదు" అంది హొకారి. చెక్కిన పెన్సిల్‌ను బల్ల మీద పెట్టి, కాగితం కోసం చెయ్యి చాపింది.